లింబాద్రన్న సంబంధం, గూఢచారి వాయిద్యం

సంగీతానికి రాళ్లు కరుగుతాయనీ, పాములు పడగ విప్పుతాయనీ చదివాను. కుదరబోయే పెళ్లి సంబంధం కూడా కరిగి కాలవలో కలిసిపోగలదని మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు. అందుకే నేను రాయాల్సి వస్తోంది. దుబాయ్‌లో, సత్వాలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, నోట్లో నాలుక లేని పిల్ల అని పేరు తెచ్చుకున్న నేను, చీమకు దారిచ్చి నడిచే ఒక వెల్డర్‌ని అంతర్జాతీయ బంగారం దొంగగా మార్చేశాను. అదనంగా హంతకుణ్ణి కూడా చేశాను. నా చేతిలో కత్తి లేదు, తుపాకీ లేదు. వయొలిన్లు ఉన్నాయి.

నా పేరు సువార్త. అంటే మంచి కబురు. పేరు పెట్టిన మా నాన్నకు ముందుచూపు తక్కువని ఈ కథ చివరికి మీరే ఒప్పుకుంటారు. మా కరుణక్క ఇక్కడ ఒక క్లినిక్కులో నర్సు. ఆమెకు బాబు పుడితే చూసుకోవడానికి నన్ను కోనసీమ నుంచి పిలిపించారు. అప్పటికి నా సిగ్గు ఏ స్థాయిలో ఉండేదంటే, కిందింటి సుడానీ ఆవిడ మెట్ల మీద ఎదురై ‘సలాం’ అంటే, నేను జవాబు మర్నాడు చెప్పేదాన్ని. బాబు నిద్రపోతే పుస్తకం చదువుకోవడం, లేస్తే ఎత్తుకోవడం, తీరిక దొరికితే డైరీ రాసుకోవడం, అదే నా లోకం. డైరీలో మాత్రం నేను మహా వాచాలురాలిని. నోటికి రావలసిన మాటలన్నీ దారి తప్పి వేళ్లలోకి వెళ్లిపోయాయని అక్క అనేది.

మా బావ క్రీకు అనే సముద్రపు పాయ ఒడ్డున లాంచీలు మరమ్మతు చేసే యార్డులో స్టోర్‌కీపరు. ఆయనకు క్యాసెట్ల పిచ్చి. ఒకసారి బజారులో దుకాణం బయట గుట్టగా పోసిన క్యాసెట్లలోంచి ఒకటి ఏరుకొచ్చాడు. ఇంగ్లీషు గూఢచారి సినిమాది. అట్ట మీద నల్లకోటు, నల్ల కళ్లద్దాలు, పిస్తోలు. లోపల ఒక్క క్లబ్బు డాన్సు పాటైనా ఉంటుందని ఆయన ఆశ. టూ ఇన్ వన్‌లో పెట్టి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

“ఇదేంటే మరదలా, ఇంతసేపైంది, ఒక్కడూ నోరు విప్పడేంటి?”

“ఇది వాయిద్యాలేనేమో బావా.”

“ఉత్త వాయిద్యాలా! పెళ్లికొడుకు లేని ఊరేగింపులాగా?”

“సినిమా మీరు చూశారుగా, అందులో పాటల్లేవా?”

“చూడ్డమా! హీరో పరుగెత్తాడు, విలన్ పరుగెత్తాడు, ఇంటర్వెల్లో నేను పరుగెత్తాను. వారం కూడా ఆడలేదు గదా ఆ దరిద్రం.”

తిరిగి ఇవ్వబోతే దుకాణం వాడు ‘ఖలాస్’ అని చేతులు దులిపేశాడు. క్యాసెట్టు నా వాటాకు వచ్చింది. బాబు గుడ్డలు మడత పెడుతూ ఒకరోజు పెట్టాను. ఆ రోజు గుడ్డలు మడత పడలేదు.

ఆ సంగీతం గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. అంతకుముందు నాకు తెలిసిన వాయిద్యం మా ఊరి చర్చిలో హార్మోనియం ఒక్కటే, అందులోనూ రెండు మెట్లు పలకవు. ఇక్కడేమో ముందు లావు తీగల వాయిద్యాలు, నిద్రపోతున్న పసివాణ్ణి లేపకుండా గది దాటే తల్లిలాగా, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తాయి. పైనుంచి పిల్లనగ్రోవి లాంటిది ఏదో అడుగుతుంది. బాకాలు జవాబు చెప్పబోయి, పెద్దవాళ్లున్నారని గుర్తొచ్చి ఆగిపోతాయి. అంతలో వయొలిన్లన్నీ కలిసి, క్రీకు నీళ్ల మీది పక్షులు ఒక్క ఉదుటున లేచినట్టు లేస్తాయి. ఎన్ని పదుల మంది వాయించారో తెలియదు, ఒక్కరైనా తన గొంతే పైకి రావాలని పక్కవాణ్ణి తోసెయ్యరు. పిస్తోలు మోతలోనూ, కార్ల రొదలోనూ ఇంత సున్నితమైన పనిని ఎవరు వింటారు? సినిమా పడిపోయింది, దానితోపాటు ఈ మహానుభావుల కష్టమూ గుట్టలో పడిపోయింది. లోకంలో ఈ సంగీతం విలువ తెలిసిన ప్రాణిని నేనొక్కదాన్నే అనిపించింది. గాడిదకేం తెలుసు గంధం వాసన అంటారు గానీ, తెలిసిన గాడిద ఊరుకోదన్న సంగతి మన పెద్దలు ఎందుకో చెప్పలేదు.

ఇక లింబాద్రన్న. నిజామాబాదు వైపు మనిషి, బావ యార్డులోనే వెల్డరు. ప్రతి శుక్రవారం మా ఇంట్లో భోజనం. ఆయనకు ఊళ్లో సరోజ అనే అమ్మాయితో సంబంధం మాట్లాడుతున్నారు. పిల్ల అంటే ఈయనకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. అయితే పిల్ల తండ్రి రాజన్నకు దుబాయ్ మీద నమ్మకం లేదు. అక్కడ ఎవడు ఏం చేస్తాడో చూసొచ్చామా అని ఆయన పట్టు. చివరికి ఒక షరతు పెట్టాడు: ‘ఏం పని జేస్తడో, ఎట్ల బతుకుతడో, పిలగాడు తన నోటితోని చెప్పాలె.’

అప్పట్లో మనవాళ్లు ఉత్తరాలు రాయడం కంటే మాటలు రికార్డు చేసి, సెలవు మీద ఇంటికి వెళ్లేవాళ్ల చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపడం ఎక్కువ. లింబాద్రన్న తన చిన్న టేప్‌రికార్డరును, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు. అన్నం తిన్నాక గొంతు సవరించుకున్నాడు. మొహానికి చెమటలు పట్టాయి.

“ఉత్తగ మాట్లాడాలంటే భయమైతుంది చెల్లె. నా గొంతు నాకే పరాయోని లెక్క ఇనవడ్తది.”

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఎందుకో తెలియదు, పుట్టింది.

“వెనకాల సంగీతం పెడితేనో?” అన్నాను.

ఎవరూ అడగకుండా నేను మాట్లాడటం అదే మొదలు. బావ చేతిలో మజ్జిగ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

“మ్యూజిక్కా? సినిమాల లెక్కనా?” లింబాద్రన్న కళ్లు మెరిశాయి.

“ఆ అన్నా. మాట మనసుకు పట్టుకుంటుంది.”

“పట్టుకోవాలె చెల్లె, గట్టిగ పట్టుకోవాలె. రాజన్న మామ మనసు జర మందం.”

టూ ఇన్ వన్‌ను బల్ల మీద పెట్టి, దాని స్పీకరుకు ముక్కు ఆనేలా ఆయన చిన్న రికార్డరును పెట్టాను. ఏ మాటకు ఏ వాయిద్యం రావాలో, ఎప్పుడు శబ్దం పెంచాలో, అంతా నా నిర్వహణే. ఒక చెయ్యి మీట మీద, ఒక చెయ్యి గాల్లో. పదుల మంది వాద్యగాళ్లు నా చూపుడువేలు కోసం ఎదురుచూస్తున్నట్టు ఊహించుకున్నాను.

“మామా, శనార్తి. నేను లింబాద్రిని మాట్లాడుతున్న.”

లావు తీగలు అడుగులో అడుగు వేస్తూ వచ్చాయి. దుమ్... దుమ్...

“నా పని లాంచీలల్ల మామా. ఎక్కువ రాత్రి డ్యూటీనే వడ్తది.”

పిల్లనగ్రోవి ఏదో అడిగింది.

“మా ముదీర్‌కు, గదే మేనేజర్‌కు, నేనంటే పానం. ఎంత కష్టమున్నా లింబాద్రికే చెప్పుండ్రి, వాడు ఒక్క రాత్రిల ఖలాస్ జేస్తడు అంటడు. మొన్న రెండు దినాలల్ల ముగ్గురు చేసే పని... మూడింటిని నేనొక్కన్నే ఖలాస్ జేసిన మామా.”

బాకాలు నోరు తెరిచి, చటుక్కున మూసుకున్నాయి.

“సరోజను రంది వడొద్దను. వచ్చేటప్పుడు బంగారం తెస్త.”

వయొలిన్లు లేచాయి. సరిగ్గా ‘బంగారం’ దగ్గర తాళాలు ఝల్లున పగిలాయి. ఆ అమరిక చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పరలోకంలో ఆ స్వరకర్త ఉంటే, అక్కణ్ణించి లేచి నిలబడి ఉంటాడనుకున్నాను.

మళ్లీ ఒకసారి వేసి విందామంటే వీలు కాలేదు. ఊరికి వెళ్లే మనిషి కింద టాక్సీలో కూర్చుని హారన్ కొడుతున్నాడు. రెండో వైపు లింబాద్రన్న తన తల్లికి గబగబా నాలుగు మాటలు చెప్పగానే, క్యాసెట్టు ఆ మనిషికిచ్చి పంపేశాం.

జవాబు క్యాసెట్టు వచ్చిన శుక్రవారం అక్క బిర్యానీ వండింది. సంబంధం కుదిరిన సంబరం ముందే చేసేద్దామని. అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. మీట నొక్కగానే గంభీరమైన దగ్గు. పిల్ల తండ్రి రాజన్న.

“లింబాద్రీ, నీ క్యాసెట్టు ఊరంత ఇన్నదిరా. ఇన్నదే మల్ల మల్ల ఇన్నది. లాంచీలంటివి. సరే. రాత్రి పనంటివి. సరే. బంగారమంటివి. దుబాయ్ పోయినోల్లు జేసేదే గది, కండ్లు మూసుకుందుమనుకున్న. గని ముగ్గురంటివి, నేనొక్కన్నే ఖలాస్ జేసిన అని నీ నోటితోని నువ్వే చెప్తివి గదరా!”

వెనక నుంచి లింబాద్రన్న తల్లి గొంతు: “నా కొడుకు కోడిని గూడ కొయ్యడు రాజన్నా! పండుగకు నేనే కోస్త!”

“మరి గా మ్యూజిక్ ఎందుకొచ్చిందవ్వా? సినిమాల గా మ్యూజిక్ వచ్చిందంటే ఎవ్వడో ఒకడు సచ్చినట్టే. టాకీసుల గిట్లాంటియి ఎన్ని జూడలే?”

“నాకేమెర్క? గాలికి వచ్చిందేమొ!”

“గాలికి బుర్రు బుర్రు అని బూరలు గూడ ఊదుతరా? ఇను లింబాద్రీ. నీ దిక్కెల్లి సాచ్చెం జెప్పెటోల్లు ఉంటే చెప్పియ్యి. లేకుంటే మా పిల్లను మెట్‌పల్లి సంబంధానికి ఇచ్చుడే.”

టక్.

లింబాద్రన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

“నేను ఖలాస్ జేసింది లాంచీ మోటర్ల రిపేరును గదా చెల్లె,” అన్నాడు మెల్లగా.

అప్పుడు తెలిసింది నేను చేసిన నిర్వాకం. ఇక్కడ ఖలాస్ అంటే పని అయిపోవడం. పని అయితే ఖలాస్, అన్నం తింటే ఖలాస్, బస్సు వెళ్లిపోతే ఖలాస్. రోజూ అంటూ అంటూ ఆ మాట మాకు నీళ్లయిపోయింది. లింబాద్రన్న ఊళ్లో మాత్రం ఖలాస్ చేయడమంటే మనిషిని లేపేయడమే. ఉత్త మాటగా విని ఉంటే, ఏదో పని సంగతిలే అని సర్దుకునేవాళ్లేమో. ఆ మాట వెనక నేను బాకాలు పెట్టాను.

బావ చాలాసేపు ఉగ్గబట్టుకున్నాడు. ఇక ఆగలేక, “సువార్త అని పేరెట్టుకుని ఎంత దుర్వార్త పంపావే తల్లీ!” అని నేల మీద పడి దొర్లాడు.

“ఆపండి నవ్వు,” అంది అక్క. “ఆ పిల్లాడి మొహం చూడండి. ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి.”

“నేను చెప్తానే, దానికేం భాగ్యం.”

“మీరా? మీరూ లాంచీల మనిషే. ముఠాలో రెండోవాడు దొరికాడనుకుంటారు.” అక్క నా వైపు తిరిగింది. “వాయించినవాళ్లే చెప్పాలి.”

చూశారా, కిందింటావిడకు సలాం చెప్పలేని మనిషి ఒక ఊరు ఊరంతటికీ సంజాయిషీ చెప్పుకోవాలి! లింబాద్రన్న రెండు చేతులూ జోడించాడు. “జర చెప్పు చెల్లె. గా పిల్ల మెట్‌పల్లి పోతే నేను ఈడ ఎవ్వలికోసం సంపాయించాలె?”

ఒక షరతు మీద ఒప్పుకున్నాను. గదిలో ఎవరూ ఉండకూడదు. క్యాసెట్టుకు ఒక వైపు లింబాద్రన్న తన తల్లికి, ఒట్లు పెట్టుకుంటూ, తన మంచితనం గురించి తనే చెప్పుకున్నాడు. రెండో వైపు నాకు వదిలి, తలుపు దగ్గరగా వేసి వెళ్లారు.

“రాజన్న గారికి నమస్కారం. నా పేరు సువార్త. ఆ సంగీతం పెట్టింది నేను. అన్న తప్పేమీ లేదు.”

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడ ఖలాస్ అంటే ఏమిటో చెప్పి ఆపేస్తే కథ కంచికి పోయేది. కానీ, సంగీతం భయపెట్టేది కాదని కూడా చెప్పాలి కదా అనిపించింది. న్యాయం అన్నాక అందరికీ జరగాలి.

“అసలు అది భయం సంగీతం కాదండీ. మీరు మళ్లీ వినండి. ఆ దుమ్ దుమ్ అనేవి దొంగ అడుగులు కావు, తల్లి అడుగులు. పైన పిల్లనగ్రోవి ఉంది చూశారూ...”

అంతే. అన్నేళ్లుగా వేళ్లలో ఇరుక్కున్న మాటలన్నీ ఒక్కసారిగా నోటికి దారి కనుక్కున్నాయి. పిల్లనగ్రోవి ప్రశ్న ఎందుకు అడుగుతుందో చెప్పాను. బాకాలు పిరికివి కావు, మర్యాదస్తులని చెప్పాను. వయొలిన్లు లేచేముందు రెప్పపాటు నిశ్శబ్దం ఉంటుంది, దాన్ని వదలకండి, ఆ నిశ్శబ్దం కోసమే ఆ స్వరకర్త అంత సేపూ అంత సంగీతం రాశాడు అన్నాను. మాటలు చాలనిచోట నోటితో వాయించాను. దుమ్ దుమ్ నేనే, రీరీ నేనే, ఝల్లుమన్న తాళమూ నేనే. సినిమా పడిపోతే సంగీతం పడిపోవాలా, కూర మాడితే అన్నం పారబోస్తామా అని ఆ ఊరి పెద్దల్ని నిలదీశాను కూడా. నా జీవితంలో అంతసేపు ఎవరూ నన్ను మాట్లాడనివ్వలేదు. అంటే, నేనే మాట్లాడలేదు, ఏదైతేనేం.

“ఇక ఆ ఖలాస్ సంగతి ఏమిటంటే—”

టక్.

క్యాసెట్టు అయిపోయింది.

పిండి కొద్దీ రొట్టె, టేపు కొద్దీ మాట అని నాకెవరు చెప్పారు? రెండోవైపు తిప్పుదామంటే అటు లింబాద్రన్న ఒట్లున్నాయి. తలుపు తెరుచుకుంది.

“అయిందా?” అంది అక్క.

“అయింది.”

“అంతా చెప్పావా?”

“అంతా చెప్పాను,” అన్నాను. ఆ ‘అంతా’లో పెళ్లికొడుకు ఒక్కడు తప్ప అందరూ ఉన్నారు. అంతసేపు ఎవరి గురించి చెప్పావే అని అడుగుతుందేమోనని నా భయం. జరిగింది చెప్పాలంటే మళ్లీ నోరు విప్పాలి, అప్పటికే నా నోరు ఒక జీవితానికి సరిపడా పని చేసింది. క్యాసెట్టు వెళ్లిపోయింది.

ఆ తర్వాతి శుక్రవారాలు ఎలా గడిచాయో పగవాళ్లకు కూడా వద్దు. లింబాద్రన్న వచ్చి కూర్చునేవాడు. “మంచిగ చెప్పినవ్ గదా చెల్లె?” నేను తలూపేదాన్ని. “ఖలాస్ సంగతి సమజ్ అయ్యెటట్టు చెప్పినవ్ గదా?” తల ఊపీ ఊపనట్టు ఊపేదాన్ని. ఆయన నిట్టూర్చి, “నువ్వుంటివి కాబట్టి బతికిన” అని నా కంచంలోకి ఒక చేప ముక్క ఎక్కువ వేసేవాడు. ఆ చేప ముల్లు ప్రతిసారీ నా గొంతులో గుచ్చుకునేది, ముల్లు లేకపోయినా.

ఎట్టకేలకు క్యాసెట్టు వచ్చింది. ఈసారి బిర్యానీ లేదు. నేను బాబును ఎత్తుకుని, పారిపోవడానికి వీలుగా, తలుపు పక్కన నిలబడ్డాను.

దగ్గు. రాజన్న.

“లింబాద్రీ, గా పిల్ల మాట్లాడింది ఇన్నం. ముందుగాల ఏం సమజ్ గాలే. ఆఖరికి గూడ సమజ్ గాలే. తల్లి అంటది, పిల్లనగ్రోవి అంటది, నడుమల దుమ్ము దుమ్ము అని తనే కొట్టుకుంటది. ఖలాస్ అని షురువు జేసి ఆడనే ఆపింది.”

అందరూ నా వైపు తిరిగారు. నేను బాబు వెనక దాక్కున్నాను. బాబుకు అప్పటికి ఏడాది నిండలేదు, అంతగా కప్పలేకపోయాడు.

“గని నేను ఒక్కటి ఆలోచన జేసిన,” రాజన్న గొంతు సాగింది. “దొంగలు గింతసేపు ముచ్చట వెట్టరు. దొంగలకు టైముండదు. బూరలు మర్యాదస్తులని కొట్లాడెటోల్ల ఇంట్ల, దొంగబంగారం దాసుకున్నా రెండో దినమే బయటవడ్తది. ఇగ గా ఖలాస్ సంగతి, క్యాసెట్టు తెచ్చిన పిలగాన్ని అడిగితే, ఆడ అన్నం దిన్నా ఖలాసే అని చెప్పిండు. మంచిది. లగ్గం ఖాయం. నువ్వు రా.”

లింబాద్రన్న లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. బావ ఆయన్ని కౌగిలించుకున్నాడు. అక్క కళ్లు ఒత్తుకుంది. అంతలో క్యాసెట్లో గుసగుసలు, గాజుల చప్పుడు, ‘నువ్వు చెప్పు’, ‘నువ్వే చెప్పు’ అని తోపులాట. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, నవ్వు ఆపుకుంటూ:

“నేను సరోజను. ఒక్క మాట. ముందేమొ గా మంచి మ్యూజిక్ మీద ఈయన మాట్లాడె. ఎనుకనేమొ గా అక్క మాట్లాడె. ఇద్దరు గలిసి దాన్ని ఖరాబ్ జేసిండ్రు. ఈసారి ఇద్దరు జర నోరు మూసుకొని, ఉత్త మ్యూజిక్ పంపుండ్రి.”

టక్.

“నాతోని మాట్లాడింది చెల్లె!” అన్నాడు లింబాద్రన్న, మొహమంతా పళ్లు చేసుకుని.

“పెళ్లికి ముందే నోరు మూసుకోమంది. ఇక నీ కాపురానికి ఢోకా లేదురా,” అని బావ దీవించాడు.

నేను మాత్రం తలుపు పక్కన అలాగే నిలబడిపోయాను. పుట్టి బుద్ధెరిగాక నన్ను ‘కాస్త మాట్లాడవే’ అన్నవాళ్లే గానీ, ‘ఇక చాలు, నోరు మూసుకో’ అన్న మనిషి ఆమె ఒక్కతే. ఆ గౌరవం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అదీగాక, లోకంలో ఆ సంగీతం విలువ తెలిసినవాళ్లం ఇప్పుడు ఇద్దరం.

కాబట్టి పాఠకులారా, కుడిచెయ్యి పైకెత్తి, ఎడమ చేత్తో అక్క కొడుకును పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మనిషి మాట వెనకా సంగీతం పెట్టను, ఏ సంగీతం ముందూ మాట పెట్టను. పెళ్లికాని వెల్డర్ల దరిదాపుల్లో వయొలిన్లు మోగనివ్వను. ఎవరు అడిగినా, బతిమాలినా, ఆ వాయిద్యాల గురించి ఒక్క ముక్క మాట్లాడను. అన్నట్టు, ఆ చివరి భాగంలో బాకాలు ఎందుకు వెనక్కి తగ్గుతాయో మీకు చెప్పనేలేదు కదూ, అదేమిటంటే—

సరే. మూసుకున్నాను.